దోమతెర పంట

అత్తగారూ అల్లుడూ ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే గిన్నెలోని కూర తింటారు, కానీ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. తగువేమీ లేదు. తగువైతే ఎవరో ఒకరు మధ్యలో దూరి తీర్చేవాళ్ళు. ఇది మొహమాటం, దీన్ని తీర్చేవాళ్ళెవరు? పెళ్ళైన కొత్తలో అతను ఎదురుపడగానే ఆవిడ నాలుక అంగిట్లో అతుక్కుపోయేది. ఆవిడ ఎదురుపడగానే అతని చూపు చెప్పుల మీదికి దిగేది. రేపు మాట్లాడదాం, ఎల్లుండి మాట్లాడదాం అనుకుంటూ ఇద్దరూ నాలుగేళ్ళు నెట్టుకొచ్చారు. ఇప్పుడు కొత్తగా మాట్లాడితే ఇన్నాళ్ళూ ఎందుకు మాట్లాడలేదన్న ప్రశ్న వస్తుందని ఆ పైన మరో భయం పట్టుకుంది.

పనులు మాత్రం ఆగలేదు. మధ్యలో కూతురు ఉంది కదా.

"చొక్కా ఉతకడానికి వెయ్యమని మీ ఆయనకి చెప్పవే," అనేది ఆవిడ, మీ ఆయన మూరెడు దూరంలో కూర్చుని అన్నం తింటూ ఉండగానే.

"వేస్తానని మీ అమ్మతో చెప్పు," అనేవాడు అతను కంచంలోంచి తలెత్తకుండా.

కూతురు నోరు విప్పాల్సిన అవసరం కూడా ఉండేది కాదు. మనిషి అక్కడ ఉంటే చాలు, కబుర్లు వాటంతటవే చేరిపోయేవి. అలాంటి కూతురు, అక్కకి నెలలు నిండాయని సాయానికి బయల్దేరింది. నెలో నెలన్నరో పడుతుందంది. గుమ్మంలో నిలబడి ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "నేనొచ్చేదాకా సైగలతో కానిచ్చుకోండి," అని నవ్వి బస్సెక్కేసింది.

సైగల అక్కర లేకపోయింది. ఇంట్లో పిల్లి ఉంది. బూడిదరంగు ముసలి పిల్లి, వంటింటి గడప దాని సింహాసనం. "అన్నం చల్లారిపోతోంది, తినేవాళ్ళు వస్తే బాగుండు," అని అత్తగారు పిల్లితో అనేది. "చేతులు కడుక్కుని వస్తున్నారులే," అని అతను పిల్లికి జవాబిచ్చేవాడు. పిల్లి రెండు వైపులా చూసి ఆవలించేది. ఫోన్లో ఈ సంగతి విన్న భార్య పొట్ట పట్టుకుని నవ్వి, ఆ పిల్లికి మంత్రిగారని పేరు పెట్టింది. ఆ రోజు నుంచి ఇంట్లో దాన్ని ఇద్దరూ అలాగే పిలిచారు.

ఇంటి వెనక నేల అత్తగారిది. ఏళ్ళ తరబడి ఆవిడ అందులో ఆరుబయట సొరా, పొట్లా, బీరా పండించి అమ్మింది. ఆవిడ చెయ్యి పడితే ఎండుకట్టె కూడా చిగురేస్తుందని చుట్టుపక్కల పేరు. మోకాళ్ళు మొరాయించాక నేల బీడు పడింది. ఇప్పుడు మిగిలిందల్లా వంటింటి గోడవారన ఒక చిన్న పందిరీ, దాని మీద నాటు కీరదోస తీగా.

అల్లుడు అంతకుముందు ఊరవతల ఒక పెద్ద తోటలో, పరాయివాళ్ళ నెట్‌హౌసుల్లో సూపర్‌వైజరు. మనమే ఒకటి వేసుకుంటే పోదా అని భార్య పోరగా పోరగా, ఆ బీడులో ఇనప పైపులు పాతి, పైన ప్లాస్టిక్ కప్పు వేసి, చుట్టూ సన్నకన్నాల వల బిగించి, లోపల సగం భాగంలో కీరదోస పెట్టాడు. మిగతా సగంలో కాకర పెడదామనుకున్నాడు గానీ వల లోపలికి తేనెటీగ రాదు. కాకరకి పువ్వుపువ్వునా మనిషి చేత్తో పుప్పొడి అద్దాలి. ఆ ఓపిక ఉన్న మనుషులు దొరక్క ఆ సగం ఖాళీగానే వదిలేశాడు.

విత్తనం పెట్టేముందు భార్యతో ఒక మాట అన్నాడు, అత్తగారికి కూడా వినపడేటట్టుగా. "మీ అమ్మ నమ్మి నేల ఇచ్చింది. ఈ మొదటి పంట నిలబడిందా, ఇక్కడే ఉంటాం. నిలబడలేదా, వల విప్పేసి నేల ఆవిడకి అప్పజెప్పి పాత పనికి పోదాం. ఒకళ్ళ నేల మీద ప్రయోగాలు చేస్తూ కూర్చోను." అత్తగారు ఆ పూట గిన్నెలు తోమిందే తోమింది.

చలి ప్రాంతాల్లో ఇలాంటి ఇళ్ళు మొక్కలకి వెచ్చదనం కోసం కడతారట. ఇక్కడ వెచ్చదనానికేం కరువు? ఇక్కడ పోరంతా ఎండతోనూ, తెల్లదోమతోనూ. ఎండ తగ్గడానికి కప్పు మీద సున్నపునీళ్ళు కొట్టాడు. మధ్యాహ్నాలు పైనున్న గొట్టాల్లోంచి పొగమంచులా నీటితుంపర వదిలేవాడు. తెల్లదోమ మాత్రం అంత తేలిగ్గా లొంగేది కాదు. నువ్వుగింజలో సగం కూడా ఉండదు, ఊదితే ఎగిరిపోతుంది. కానీ ఒక మొక్క రసం పీల్చి ఇంకో మొక్క మీద వాలిందంటే తనతోపాటు రోగాన్ని కూడా దింపుతుంది. అందుకని వాకిలికి రెండు తలుపులు పెట్టాడు. బయటి తలుపు మూశాకే లోపలి తలుపు తియ్యాలి. రెండింటి మధ్య చిన్న గది. అక్కడ చెప్పులు విడిచి, కాళ్ళూ చేతులూ సబ్బునీళ్ళతో కడిగి, మేకుకి వేలాడే తెల్లకోటు తొడుక్కోవాలి. పసుపు రంగు బట్టలతో ఎవరూ రాకూడదు, తెల్లదోమకి పసుపంటే ప్రాణం. అది వాలి అంటుకుపోవాలనే లోపల పసుపు రంగు జిగురు అట్టలు వేలాడదీశాడు.

"రెండు తలుపులూ ఒకేసారి తెరిచినవాడు నాకు బంధువు కాడు, స్నేహితుడు కాడు," అని పనివాళ్ళకి రోజూ చెప్పేవాడు. వాళ్ళు వినీ వినీ, అతను నోరు తెరవగానే ఆ ముక్క తామే పూర్తి చేసేవాళ్ళు.

అత్తగారు దానికి దోమతెర అని పేరు పెట్టింది. "మీ ఆయన పంటని దోమతెరలో పడుకోబెట్టాడే. జోల కూడా పాడతాడేమో కనుక్కో," అని కూతురితో అంది. మొదటిరోజు ముచ్చటపడి చూడ్డానికి వెళ్ళింది, ఖర్మకాలి పసుపు బట్టల్లో. "మీ అమ్మని బట్టలు మార్చుకుని రమ్మను," అన్నాడు అతను భార్యతో, చెప్పుల వైపు చూస్తూ. ఆవిడ వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ వైపు రాలేదు. రాలేదనే అతను అనుకున్నాడు.

మొదటి కోతలు చూడముచ్చటగా వచ్చాయి. కాయలన్నీ అచ్చు పోసినట్టు ఒకే పొడుగు, తిన్నగా, నున్నగా. రోజూ తెల్లవారుతూనే పెట్టెలు వ్యానుకెక్కించి తనే కొట్లకి చేరవేసేవాడు. కొట్టువాళ్ళు కాయ పట్టుకుని అటూ ఇటూ తిప్పి మారుమాట లేకుండా దించుకునేవాళ్ళు. భార్య వెళ్ళిన వారంలో ఎండలు ఒక్కసారిగా ముదిరాయి. కొన్ని పిందెలు పసుపెక్కి రాలాయి. "పిందెలు నిలవడం లేదే, నాకేదో భయంగా ఉంది," అని ఆ రాత్రి వసారాలో, అత్తగారి కిటికీ పక్కన నిలబడి భార్యకి ఫోన్లో చెప్పుకున్నాడు. తుంపర కాస్త ఎక్కువసేపు వదిలేసరికి నాలుగు రోజుల్లో రాలడం ఆగింది. అతను ఆ సంగతే మర్చిపోయాడు.

తర్వాత మొదలైంది అసలు కథ. తలుపు దగ్గరి వరసలో కాయలు కింది కొసన ఉబ్బడం మొదలెట్టాయి. మెడ సన్నం, అడుగు లావు. ఎండకేమో అనుకున్నాడు. తర్వాత రెండో వరస. ఆ తర్వాత మూడోది. తీగలు నీరసించి కింది ఆకులు పాలిపోయాయి. కొట్టువాడు ఒక కాయ తీసి నేల మీద నిలబెట్టాడు. అది నిలబడింది కూడా. "అన్నా, ఇవి కీరకాయలా, చెంబులా?" అన్నాడు. పెట్టెలు పెట్టెలుగానే వ్యాన్లో తిరిగొచ్చాయి.

మొక్కల డాక్టరమ్మకి ఫొటోలు పంపాడు. ఆవిడ పంటల జబ్బులు చూసే ఆఫీసులో పనిచేస్తుంది. అతని పాత తోటకి కూడా వచ్చేది, అనవసరంగా హడావిడి పెట్టే మనిషి కాదు. అందుకే ఆవిడ గొంతు తగ్గించి మాట్లాడేసరికి అతను ఫోన్ని చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు.

"తలుపు దగ్గర మొదలై వరస వెంట వరస పాకుతోందా?"

"అవునమ్మా. మనిషి నడుచుకుంటూ వెళ్ళినట్టు."

"అదే నాకు నచ్చడం లేదు. చేతుల మీదుగా అంటుకునే వైరస్ ఒకటుంది. కాయల ఆకారం చెడగొడుతుంది, ఆకులు పాలిపోతాయి. అదేనని ఇక్కణ్ణించి చెప్పలేను. రేపు పొద్దున పరీక్ష పట్టీలు తీసుకుని వస్తాను. అప్పటిదాకా దేనికీ కత్తి పెట్టకండి, కాయలు కొయ్యకండి. రసం చేతికంటి ఇంకో మొక్కకి తగిలిందంటే దాన్నీ వదిలేసుకోవాలి."

"అదే అయితే?"

"అదే అయితే మొత్తం పీకి కాల్చెయ్యాలి. మందు లేదు. మనుషుల్ని పిలిచి సిద్ధంగా ఉంచుకోండి. ఆలస్యం చేస్తే మట్టిలో కూడా ఉండిపోతుంది."

ఫోన్ పెట్టేసి చాలాసేపు తన చేతుల్నే చూసుకున్నాడు. చేతుల మీదుగా అంటుకునేదట. ఎవరి చేతులు? పనివాళ్ళు వారానికి రెండుసార్లు వస్తారు, వాళ్ళని నిలబెట్టి కడిగిస్తాడు. రోజూ తిరిగేది తనే. ఇంతమందికి చేతులు కడుక్కోవడం నేర్పిన పెద్దమనిషి తనే రోగాన్ని మోసుకొచ్చాడా? మధ్య గదిలో కూర్చుని గోళ్ళ సందుల్లో కూడా సబ్బు పెట్టి మోచేతుల దాకా రుద్దుకున్నాడు. చర్మం మండింది. అయినా తృప్తి కలగలేదు. ఏడుపొచ్చింది, ఏడిచాడు కూడా. చూసేవాళ్ళు లేకపోవడం ఒక్కటే ఆ పూటకి దొరికిన అదృష్టం.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. అంతకుముందు రోజే, మొక్కల మొదట్లో పరిచిన నల్లషీటు మీద అక్కడక్కడా ఏవో వాడిపోయిన పుల్లల్లాంటివి కనిపించాయి. పూరేకులు లేని పువ్వుల్లా ఉన్నాయి. పనివాళ్ళు తుంచిన కొసలేమోననుకుని కాలితో పక్కకి నెట్టేశాడు.

సాయంత్రం అన్నం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద దిగలేదు. అత్తగారు కంచం వంకా అతని వంకా చూసి పిల్లి వైపు తిరిగింది.

"మంత్రిగారూ, కూరలో ఉప్పెక్కువైందేమో, ఎవరూ తినడం లేదు."

"ఉప్పు సరిపోయింది, మంత్రిగారూ," అన్నాడు అతను. "తోటే సరిగ్గా లేదు. కాయలు చెడిపోయాయి. రేపు పొద్దున మనుషులొచ్చి మొత్తం పీకేస్తారు. ఆ పైన వల విప్పడమే. మాట ఇచ్చాను కదా."

అత్తగారి చేతిలోని గరిటె గిన్నె అంచుకి తగిలి టంగుమంది. ఏదో అనబోయింది. పిల్లి ఆవిడ మొహంలోకి చూసింది, ఇదిగో చెప్పు అన్నట్టు. ఆవిడ చెప్పలేదు. తన కంచం బోర్లించేసి లోపలికి వెళ్ళిపోయింది.

కూర్చున్న చోటే అతనికి చాలా ఒంటరిగా అనిపించింది. భార్యకి ఫోన్ చేద్దామనుకున్నాడు. అక్కకి నొప్పులొస్తున్నాయట, ఆస్పత్రిలో ఉన్నారట. ఇప్పుడెందుకని ఊరుకున్నాడు.

మర్నాడు తెల్లవారింది. కొట్లకి వెళ్ళే పని లేదు, తీసుకెళ్ళడానికి కాయలూ లేవు. పనివాళ్ళు రాకముందే తోటని ఒక్కసారి ఒంటరిగా చూసుకుందామని వెళ్ళాడు. బయటి తలుపు తీసి, మూసి, మధ్య గదిలోకి వచ్చి ఆగిపోయాడు.

గోడవారన ఒక జత చెప్పులు. వేళ్ళు గోడ వైపుకి, పక్కపక్కన, బుద్ధిమంతుల్లా. నేల మీద తడి అడుగులు. సబ్బు బిళ్ళ నురగతో ఉంది. మేకుకి ఉండాల్సిన తెల్లకోటు లేదు.

ఆ చెప్పులు అతనికి బాగా తెలుసు. నాలుగేళ్ళుగా ఆవిడ ఎదురుపడినప్పుడల్లా అతను చూసింది వాటినే కదా.

లోపలి తలుపు చప్పుడు కాకుండా తీశాడు. చివరి వరసలో, ఇంకా ఉబ్బని కాయలున్న చోట, అత్తగారు స్టూలు మీద కూర్చుని ఉంది. తెల్లకోటు మోకాళ్ళ కిందికి వేలాడుతోంది. ఒళ్ళో గుడ్డ, గుడ్డలో గుప్పెడు పసుపుపచ్చ పూలు. ఒక పువ్వు తీసింది. బొటనవేలితో రేకులు ఒడుపుగా తుంచి పారేసింది. మిగిలిన పుప్పొడి కాడని తీగ మీది పువ్వులో పెట్టి, పసిబిడ్డ పెదవికి తేనె రాసినంత మెల్లగా తిప్పింది. ఆ తర్వాత పక్క పువ్వు. చేతులు చకచకా ఆడుతున్నాయి, నోరూ ఊరుకోలేదు.

"ఇల్లంతా పెళ్ళికూతుళ్ళే. ఒక్క పెళ్ళికొడుకు లేడు. ఇదెక్కడి సంబంధమే తల్లీ? పిందెలు రాలిపోవా మరి? మా అల్లుడికి అన్నీ తెలుసు, ఈ ఒక్క ముక్కా ఎవరూ చెప్పినట్టు లేదు. నేను చెబుదామంటే నాకు నోరు పెగలదు. అందుకే మా పందిరి మీది కుర్రాళ్ళని తీసుకొచ్చాను." మరో పువ్వు. "అటు వైపువన్నీ చూడు, ఎంత నిండుగా ఊరాయో. అయినా కాయలు చెడిపోయాయంటాడేంటి? మీరు కూడా గబగబా ఊరండే. ఇవాళ పీకేస్తారట. మీరు నిలబడితే వాళ్ళిద్దరూ ఇక్కడ నిలబడతారు. నాకు ఇంకేం వద్దు."

అతను తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మొదట ఆవిడ మాటే గుండెకి తగిలింది. ఈ మనిషికి తను ఇక్కడ ఉండటం ఇష్టమా? నాలుగేళ్ళుగా ఒకే కప్పు కింద ఉండి ఆ సంగతి తనకి తెలియనే లేదు.

ఆ తర్వాత బుర్ర పనిచెయ్యడం మొదలెట్టింది. మగపూలు. ఈ కీర రకంలో మగపూలే ఉండవు. దీనికి అక్కర్లేదు. పుప్పొడి పడకుండానే, గింజ కట్టకుండానే కాయ దిగుతుంది. వల బిగించిందే తేనెటీగని కూడా రానివ్వకుండా. ఒకవేళ పుప్పొడి పడిందంటే...

పక్క తీగకున్న ఉబ్బిన కాయని పుటుక్కున లాగాడు. కత్తి పెట్టొద్దన్నారు. మోకాలికి కొట్టి విరిచాడు. లావుపాటి అడుగు భాగంలో గింజలు, తెల్లగా, బలిసి, వరసగా కూర్చున్నాయి. గింజలు లేని రకానికి ఇన్ని గింజలు పెట్టే వైరస్ ఎక్కడైనా ఉంటుందా? నల్లషీటు మీది రేకుల్లేని పూలు గుర్తొచ్చాయి. తలుపు దగ్గర మొదలై, వరస వెంట వరస, మనిషి నడుచుకుంటూ వెళ్ళినట్టు. అవును మరి. మనిషే నడుచుకుంటూ వెళ్ళింది, రోజూ తను కొట్లకి వెళ్ళిన తర్వాత, కాళ్ళూ చేతులూ శుభ్రంగా కడుక్కుని.

కాయ ముక్కలు పక్కన పడేశాడు. నేల మీద చతికిలబడి నవ్వడం మొదలెట్టాడు. నవ్వుతూ ఉంటే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. అవి నవ్వుకొచ్చినవో కాదో అతనికే తెలియదు. రోగం కాదు. తోట బతికే ఉంది. రాత్రంతా ఛాతీ మీద కూర్చున్న బరువు ఎవరో చేత్తో తీసి పక్కన పెట్టినట్టయింది.

అత్తగారు ఉలిక్కిపడింది. తిరిగి చూసి, చటుక్కున మొహం తీగ వైపు తిప్పేసుకుంది.

"ఎవరో నవ్వుతున్నారు," అంది తీగతో. "తోట పీకేముందు నవ్వేవాళ్ళని నేనెక్కడా చూళ్ళేదమ్మా."

"పీకడం లేదని చెప్పు తీగా," అన్నాడు అతను, నేల మీద అలాగే కూర్చుని. "తోటకి ఏ రోగమూ లేదని చెప్పు. ఈ జాతికి పెళ్ళి అక్కర్లేదు, ఒంటరిగానే కాస్తుంది. పెళ్ళి చేస్తే సత్తువంతా గింజలకి పోయి కాయ పొట్ట పెంచేస్తుంది. అంతకు మించి ఏం లేదు."

ఆవిడ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఒళ్ళోని పూల వంక చూసింది, ఉబ్బిన కాయల వరసల వంక చూసింది. గుడ్డ జారి పూలన్నీ నల్లషీటు మీద పడ్డాయి.

"అయితే ఇదంతా నా చేతుల వల్లేనా?" అంది. అది తీగతో అన్నదో, తనలో తను అనుకున్నదో తెలియలేదు. "ఇంత పంటా నేనేనా చెడగొట్టింది?"

ఆ గొంతు విని అతని నవ్వు ఆగింది. నిన్న తన చేతులు చూసుకుని తను ఏడ్చింది కూడా ఇదే మాటకి. లేచి రెండడుగులు వేశాడు. చెప్పుల వైపు చూద్దామంటే ఆవిడ కాళ్ళకి చెప్పులు లేవు. తప్పనిసరై మొహంలోకి చూశాడు.

"చెడిపోలేదు," అన్నాడు. "ఉబ్బినవి తెంపేస్తే తీగ మళ్ళీ కోలుకుంటుంది. ఇక పువ్వులకి ఏదీ తగలకపోతే కాయలు తిన్నగానే వస్తాయి. రోగమనుకుని రాత్రి సగం చచ్చాను. రోగం కాదు, మీ చెయ్యేనని తెలిశాక నా ప్రాణం లేచొచ్చింది."

ఆవిడ ఏమనేదో గానీ అంతలో బయట మోటారుసైకిళ్ళ చప్పుడు వినిపించింది. పనివాళ్ళు. గోనెసంచులు విసిరిన చప్పుడు, "ఏ వైపు నుంచి పీకుదాం?" అని ఒకడి కేక. "ఆగండి! ఏదీ ముట్టుకోకండి!" అని అరుస్తూ ఒక్క పరుగు తీశాడు. లోపలి తలుపు ధడాలున తోశాడు, బయటి తలుపు ధడాలున తోశాడు, రెండూ గోడకి కొట్టుకుని బార్లా తెరుచుకుని ఉండిపోయాయి.

వెనక నుంచి ఉరుము లాంటి గొంతు వచ్చింది.

"ఏమయ్యా అల్లుడూ! రెండు తలుపులూ తెరిచిపెట్టి ఎక్కడికా పరుగు? తెల్లదోమ లోపలికొచ్చి చావదూ! వెయ్యి తలుపు!"

అతను వాకిట్లో రాయిలా నిలబడిపోయాడు. పనివాళ్ళు సంచులు పట్టుకుని నోరు తెరిచారు. అప్పటిదాకా ఆ ఇంట్లో అంత పెద్ద గొంతుందని ఎవరికీ తెలియదు. అతను వెనక్కి వచ్చాడు. లోపలి తలుపు మూశాడు, గడియ సరిగ్గా పడిందో లేదో లాగి చూశాడు.

"వేశానత్తయ్యా," అన్నాడు వల అవతలి నుంచి.

తనేమందో ఆవిడకి అప్పుడు తెలిసొచ్చినట్టుంది. తెల్లకోటు కొస నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. అతను భయపడి తొంగి చూశాడు. ఆవిడ నవ్వుతోంది.

డాక్టరమ్మ వచ్చి, కాళ్ళు కడుక్కుని, మాట నిలబెట్టుకుంటూ నాలుగైదు ఆకులు నలిపి పరీక్ష పట్టీ ముంచింది. ఒకే గీత వచ్చింది. రెండో గీత వస్తే వైరస్ ఉన్నట్టు. రాలేదు. ఇంకో వరసలో చూసింది, అక్కడా రాలేదు. అల్లుడు కాయ విరిచి గింజలు చూపించి జరిగింది చెప్పేసరికి, ఆవిడ పెట్టె మీద కూర్చుని కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"వైరస్సులు చూశాను, పురుగులు చూశాను. అత్తగారి ప్రేమ వల్ల వచ్చే రోగం ఇదే మొదటిసారి," అంది. "మందు తేలికే. ఈవిణ్ణి లోపలికి రానివ్వకండి, చాలు."

"అలాగెందుకమ్మా?" అన్నాడు అల్లుడు. ఖాళీగా ఉన్న రెండో సగం వైపు చూపించాడు. "కాకరకి మనిషి చెయ్యి కావాలి. ఆ ఓపికున్న మనిషి దొరక్కే అది బీడుగా ఉంది. అత్తయ్య చేతి ఒడుపు ఇప్పుడే చూశాను. ఒక్క పువ్వు కూడా వదల్లేదు." తర్వాత కొంచెం తటపటాయించి అత్తగారి వైపే తిరిగాడు. "చేస్తారా?"

అత్తగారు అలవాటు కొద్దీ పిల్లి కోసం చుట్టూ వెతికింది. మంత్రిగారు దోమతెరలోకి రావడం నిషేధం. ఆవిడ గొంతు సవరించుకుంది.

"స్టూలు కాళ్ళు ఊగుతున్నాయి. బాగు చేయిస్తే చేస్తాను," అంది.

పనివాళ్ళు పీకడానికి తెచ్చిన గోనెసంచుల్లో మధ్యాహ్నం దాకా ఉబ్బిన కాయలు నింపారు. ఆవులున్న వాళ్ళెవరో వచ్చి సంతోషంగా ఎత్తుకెళ్ళారు. బరువు దిగిన తీగలు దారాల మీద తేలిగ్గా ఊగాయి. కొసల్లో కొత్త పూలు, ఇంకా ఎవరి చెయ్యీ తగలనివి, పైపైకి పోతున్నాయి. తుంపర మొదలయ్యేదాకా అతను వాటి మధ్యే తిరిగాడు. ఆకలేస్తోందని అప్పుడు గుర్తొచ్చింది, నిన్నటి ఆకలీ ఇవాళ్టి ఆకలీ కలిసి.

అన్నం దగ్గర ఫోన్ మోగింది. అత్తగారు ఎత్తి, అందరికీ వినపడేలా పెట్టింది. అక్కకి ఆడపిల్ల పుట్టిందనీ, తల్లీ బిడ్డా కులాసా అనీ కూతురు ఒక్క ఊపిరిలో చెప్పింది. అత్తగారు కళ్ళు ఒత్తుకుంది, బిడ్డ రంగూ బరువూ అడిగింది, ఏడుస్తోందా అని అడిగింది. తర్వాత కూతురు, "అక్కడెలా ఉంది? తోట ఎలా ఉంది?" అంది భయంభయంగా.

"తోట బ్రహ్మాండంగా ఉంది. కాకర కూడా పెడుతున్నాం. ఆ గింజలు రాత్రికి నానబెట్టాలి, మర్చిపోవద్దని మీ ఆయనకి చెప్పు," అంది అత్తగారు. అని ఆగింది. "ఉండు, ఇక్కడే ఉన్నాడుగా, నేనే చెబుతాను. అల్లుడూ, గింజలు నానబెట్టడం మర్చిపోకు. ఇంకో ముద్ద వేసుకో, నిన్నటి నుంచీ ఏమీ తినలేదు."

"వేసుకుంటానత్తయ్యా," అన్నాడు అతను, ఆవిడ మొహంలోకి చూస్తూ.

ఫోన్ అవతల కూతురి గొంతు సన్నగా, కంగారుగా వినిపించింది.

"అమ్మా, మంత్రిగారికేమైనా అయిందా?"

అతను గడప వైపు చూశాడు. పిల్లి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, ఎవరూ తనతో మాట్లాడకపోయేసరికి తోక ముడుచుకుని నిద్రకి సిద్ధమవుతోంది.

"మంత్రిగారికేం, కులాసాగా ఉన్నారు," అన్నాడు. "ఉద్యోగమే పోయింది."